ద్వాళమ్మ రెడ్ వైన్ రుచి చూసిన రోజు

మిర్యాలగూడలో మా మిల్లు నుంచి బియ్యం లారీ కదలాలంటే ద్వాళమ్మ తల ఊపాల్సిందే. వేములపల్లి దగ్గరి తండా ఆమెది. గుప్పెడు బియ్యం ఉడికించి, ఒక్క ముద్ద నోట్లో తిప్పి, అవి పాతవో కొత్తవో, వేరే రకం ఏమైనా కలిసిందో లేదో చెప్పేసేది. నేనక్కడ గుమాస్తాగా ఉన్న ఆరేళ్లలో ఒక్కసారి తప్పు చెప్తే ఒట్టు! అలాంటి మనిషిని నెల కిందట, మిషన్ వచ్చింది ఇక రావద్దన్నారట. ఆ సంగతి విని నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు నేను కోదాడ బైపాస్ మీద ఒక హోటల్‌కు మేనేజర్‌ని. మా యజమానురాలు నవనీత గారు రెడ్ వైన్ పెట్టాలనుకున్నారు. దాని పక్కన ఏ వంటకం బాగుంటుందో తేల్చడానికి ద్రాక్షతోటల కంపెనీ నుంచి పవన్ అనే నిపుణుడు వస్తున్నాడు. ద్వాళమ్మనూ పిలుద్దామని నేను పోరు పెట్టాను.

"సరే సంతోష్, ఇవాళ ఆమె నాలుక పనికొస్తే వంటింట్లో ఉద్యోగం. లేదంటే మళ్లీ ఆ పేరెత్తకు," అన్నారావిడ.

మా వంటమాస్టర్ తులసీరాం మటన్ వేపుడు తెచ్చాడు. చూస్తేనే చెమట పట్టేంత కారం. పవన్ ఒక ముక్క తిని, గుక్కెడు వైన్ తాగాడు. కళ్లలో నీళ్లు! "వైన్ చేదైపోయిందండీ," అన్నాడు పాపం.

అప్పుడు ద్వాళమ్మ గ్లాసు అందుకుంది, జీవితంలో మొదటిసారి. వాసన చూసి, నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, గబుక్కున లేచి సింకులో ఉమ్మేసింది!

నవనీత గారి మొహం మాడిపోయింది. పవన్ మాత్రం కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "మేమూ ఇలాగే ఉమ్మేస్తామమ్మా! ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరు నేర్పుతరు? మిల్లుల అన్నం గిట్లనే సూస్తుంటి. అంతా మింగుకుంట పోతే జరసేపటికి నాలుక మొద్దుబారతది," అంది. "ఇది నేరేడుపండు తీర్గ వగరుంది. వగరుకు కారం తగిలితే మంట ఇంకా ఎక్కువైతది. కొవ్వున్న ముక్క కావాలె. మిరపపొడి ఒద్దు."

"కారం లేని మటన్ కోదాడలో ఎవరు తింటారు?" అని తులసీరాం కయ్యిమన్నాడు.

ఆమె వినిపించుకుంటేగా! కొంగు నడుముకు దోపి, కొవ్వున్న పక్కటెముకలకు ఉప్పు, ధనియాలపొడి, గసగసాల ముద్ద పట్టించి, బొగ్గుల మీద నెమ్మదిగా కాల్చింది. పక్కన జొన్నరొట్టె పెట్టింది.

పవన్ తిన్నాడు, తాగాడు, మళ్లీ తిన్నాడు. "వగరు తగ్గిపోయింది! పండు రుచి ఇప్పుడు తెలుస్తోంది!" అని అరిచాడు. తులసీరాం కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకోదానికి చెయ్యి చాపాడు. నాకైతే ఈల వేయాలనిపించింది, వేశాను కూడా.

"రేపట్నుంచే వచ్చెయ్ ద్వాళమ్మా. నువ్వు రుచి చూడంది ఏదీ బయటికి పోదు," అన్నారు నవనీత గారు.

ద్వాళమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను కంగారుపడి దగ్గరికి పరిగెత్తాను.

"మిల్లుకు రావద్దన్న దినం సంది ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉండె బిడ్డా. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. ఇయ్యాల గ్లాసు ఎత్తినప్పుడు ఏమన్న తెలుస్తదో లేదోనని పానం దడదడమన్నది. నోట్ల పోసుకోంగనే వచ్చింది, రుచి వచ్చింది!"

కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఆకలైతుంది. ఇంత అన్నం పెట్టు."