కొట్టులో పంచిపెట్టిన పేరు

ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, పుట్టబోయే బిడ్డ పేరు బారసాల దాకా బయటపెట్టకూడదన్న పట్టింపు మా రేపల్లె ఇళ్లల్లో గట్టిగానే ఉండేది. కారణం అడిగితే పెద్దవాళ్లు చెప్పేవారు కాదు, ఒక చూపు చూసేవారు. ఆ పట్టింపు నేను తప్పాను. ఎప్పుడో నోరు జారి కాదు, తెనాలి బట్టల కొట్టులో కొలబద్ద పట్టుకు నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి మరీ తప్పాను.

మా అక్క పేరు లక్ష్మి. బళ్లో లక్ష్ములు నలుగురు. పొట్టి లక్ష్మి, కళ్లజోడు లక్ష్మి, రెండుజడల లక్ష్మి ఉండగా, మా అక్క వాటా చీమిడి లక్ష్మి. (జలుబు ఒక్క ఏడాదే ఉంది. పేరు ఎస్సెల్సీ దాకా వెంట వచ్చింది.) తన కూతురికి మాత్రం ఎవరికీ లేని పేరు పెట్టాలని అప్పుడే ఒట్టు పెట్టుకుందట. అక్కను పురిటికి తీసుకురావడానికి బాపట్ల వెళ్లాను. తిరిగొస్తూ తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు, బావకు కూడా చెప్పని మాట నాకు చెప్పింది.

"ఆడపిల్ల పుడితే తుషార. మంచు తుంపర అనిరా. నిఘంటువంతా వెతికి పట్టుకున్నా. నీ నోట్లోంచి మాత్రం రాకూడదు."

"నా సంగతి నీకు తెలీదా అక్కా?"

"తెలుసు కాబట్టే మళ్లీ చెప్తున్నా. రాకూడదు."

ఆ వారంలోనే కొల్లూరు రైతు ఒకాయన మనవరాలి బారసాలకు పట్టుగుడ్డ బేరమాడి, కుదరక లేచాడు. మా షావుకారు నావైపు కళ్లెర్రజేశాడు. ఏదో ఒకటి మాట్లాడి ఆయన్ని ఆపాలని, "పేరేం పెడుతున్నారు బాబాయ్?" అన్నాను.

"ఏముంది అబ్బాయ్, మా అమ్మ పేరే, సీతమ్మ."

"తుషార అని పెట్టండి. ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "బాగుందే. ఎవరు చెప్పారు నీకు?"

"నేనే ఆలోచించానండి," అన్నాను. గుడ్డ అమ్ముడుపోయింది. మర్నాటి నుంచి షావుకారే, "మావాడు పేర్లు బాగా చెప్తాడండి," అని బారసాల బట్టలవాళ్లను నా దగ్గరికి పంపేవాడు. నాకు తెలిసింది ఒక్కటే పేరు. చుండూరువాళ్లకూ అదే, పెనుమూడివాళ్లకూ అదే. అందరికీ గొంతు తగ్గించి, "మీకొక్కరికే చెప్తున్నా," అనేవాణ్ని. కొల్లూరాయన సంతోషించి ఓ అరటిగెల తెచ్చిచ్చాడు. అది ఇంటికి మోసుకొస్తే, నిండునెలల అక్క పండు ఒలుచుకుంటూ, "నువ్వంటే ఎంత అభిమానంరా వాళ్లకి," అంది. మగపిల్లాడు పుట్టాలని ఆ రాత్రే మొక్కుకున్నాను.

ఆడపిల్లే పుట్టింది.

బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద బావ ఉంగరంతో పేరు రాయబోతున్నాడు. అక్క ఆయన చెవిలో చెప్పింది. 'తు' రాశాడు. అప్పుడే వసారాలోంచి చుండూరు పిన్ని గొంతు వినిపించింది. చంకలో ఏడుస్తున్న మనవరాలిని ఊరడిస్తోంది. "తుషారా, ఊరుకోమ్మా, ఊరుకో."

అక్క బావ మణికట్టు పట్టుకుంది. "పాప పేరేంటి పిన్నీ?"

"తుషారే అమ్మాయ్. కొట్టులో మీ తమ్ముడే చెప్పాడుగా. మా వీధిలో ఇంకో పిల్లకీ పెట్టుకున్నారు."

అక్క నావైపు చూసింది. తిట్టలేదు. "అయితే ఆ అరటిగెల దీనికేనన్నమాట," అంది మెల్లగా. అరచేత్తో బియ్యం చదును చేసి బావతో, "మీ అమ్మ పేరు రాయండి," అంది. బావ తల్లి పోయి ఏడాదయింది. ఆ పేరు పెట్టమని ఆయన ఒక్కసారీ అడగలేదు. మాణిక్యం అని రాసి, ఆయన ఉంగరం కళ్లకద్దుకున్నాడు. నేను దొడ్లోకి వెళ్లి, వంటవాళ్లు వద్దంటున్నా, బావి దగ్గర గంగాళాలన్నీ తోమాను.

మాణిక్యం బాపట్లలో బడికి వెళ్లే వేళకు తుషార అక్కడికీ చేరింది. క్లాసులో ముగ్గురట. పొడుగు తుషార, పళ్ల తుషార, ఏడుపు తుషార. మాణిక్యం మాత్రం ఒక్కతే. ఈ మాట చెప్పి అక్క కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నాకు సగమే నవ్వొచ్చింది.

ఆ తర్వాత కొట్టులో ఎవరు పేరడిగినా, "నాకు తెలీదండి," అనడం నేర్చుకున్నాను. డెబ్బైల్లో నాకు కూతురు పుట్టినప్పుడు బాపట్ల వెళ్లి, "పేరు నువ్వే పెట్టాలక్కా," అన్నాను. "పెడతా. నీకు మాత్రం ముందు చెప్పను," అంది. చెప్పలేదు కూడా. బారసాల నాడు పళ్లెం ముందు కూర్చోబెట్టి, నా వేలు పట్టుకుని తనే రాయించింది. నా కూతురి పేరు నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని, అందరికంటే చివర చదివాను.

ఎంత మంచి పేరో. ఇక్కడ రాయాలనే ఉంది గాని, అక్కనడగాలి.