కాకతీయుల బంటు మా వదిన

శనివారం గుడారాలు వేస్తున్నాం, వస్తున్నారా అని ఫోనుకు కబురు వచ్చినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి గరాజులోకి, గరాజులోంచి పెరట్లోకి తిరుగుతూనే ఉన్నాను. పొయ్యి మీద పెట్టిన టీ మరిగి మరిగి చేదెక్కింది. మా పేట హారిసన్‌లో గాలి లేచిన రోజు మనసు కుదురుగా ఉండదని నా ఈడువాళ్లు అంటుంటారు గాని, నా అలజడి గాలి వల్ల కాదు, మా వదిన వల్ల.

వదినంటే మా అన్నయ్య భార్య, హనుమకొండ మనిషి. ఈ దేశం వచ్చి ఇక్కడి యూనివర్సిటీ ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాక, అందరిలా గుడి పనుల్లోనో మనవల సేవలోనో పడుతుందనుకుంటే, వారాంతాల్లో ఊరి బయట పచ్చికబయలులో గుడారాలు వేసి పాతకాలపు యుద్ధాలు ఆడి చూపించే బృందంలో చేరిపోయింది. అందరూ తెల్లవాళ్లు, ఇనుప టోపీల ఐరోపా యోధులు. వాళ్ల నడుమ మా వదిన, పాత నూలుచీరలు పొరలుగా వేసి బొంత కుట్టినట్టు కుట్టుకున్న కవచం తొడుక్కుని, డాలు పట్టుకుని నిలబడేది. చూడవచ్చిన మనవాళ్లు రాణి వేషమా ఆంటీ అని అడిగితే, "రాణినెందుకైత? కాకతీయుల బంటును. రాణినైతే ఏనుగు దిగనియ్యరు," అనేది.

బృందానికి పెద్ద ఒక రిటైరైన బడిపంతులు. ఏ యుద్ధంలో ఎవరు ఎప్పుడు పడిపోవాలో ఆయనే ముందుగా చెప్పేవాడు. వదిన వంతు మొదట్లోనే వచ్చేది, ఆవిడ మాత్రం పడేది కాదు. "అరే, అప్పుడే ఎట్ల సస్త? వన్ మోర్ రౌండ్!" అంటూ తనను చంపవలసిన ఆరడుగుల మనిషిని కంచెదాకా తరిమేది. చూసే పిల్లలు, మనవాళ్లూ తెల్లవాళ్లూ, ఆంటీ ఆంటీ అని గొంతులు చించుకునేవారు. పంతులుగారు మొదట్లో కసిరి, తర్వాత బతిమాలి, చివరకు ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. దాని పేరు రాయబుద్ధి కావడం లేదు. ఆస్పత్రిలో కూడా మంచం మీద ఉండలేక వరండా అంతా తిరిగేదని నర్సులు చెప్పేవారు. ఆ వసంతంలో గుడారాలు వేసే రోజు వచ్చింది. అన్నయ్య వద్దన్నాడు, నేనూ వద్దన్నాను.

"ఇంట్ల కూసుంటే ఊపిరాడ్తలేదు. వచ్చి నా కట్లు బిగియ్యి," అంది.

ఒకచుట్టు చుట్టే కవచం కట్లు ఆవిడ నడుముకు రెండుచుట్లు వచ్చాయి. మిగిలిన కొసలు లోపలికి దోపి ముడి వేశాను.

ఆ రోజు యుద్ధం మొదలైన కాసేపటికే, పంతులుగారు చెప్పిన చోట, చెప్పిన వేళకు, వదిన పడిపోయింది. ఎదుటివాళ్లు కత్తులు దించేశారు. అన్నయ్య కుర్చీ తన్నుకుని పరుగెత్తాడు, వెనకే నేను. దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ ఒక కన్ను తెరిచి, "గట్ల ఉరుకుతరెందుకు? పక్కకు జరుగుండ్రి, యుద్ధం నడువనియ్యిండ్రి," అని కసిరింది. అన్నయ్య అక్కడే గడ్డిలో కూలబడి నవ్వుతూ ఏడ్చాడు. యుద్ధం ముగిసేదాకా ఆవిడ ఎండలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఉండిపోయింది. తిరిగొస్తుంటే కారులో నాతో, "ఒకపారి పడి చూద్దామనుకున్న. అంత కష్టమేం లేదు," అంది.

మరుసటి చలికాలం ఆవిడ దాటలేదు.

ఇప్పుడు ఆ పచ్చికబయలంతా ఇళ్లు. గుడారాలు మరో గంట దూరానికి జరిగాయి, పంతులుగారు మోకాళ్లనొప్పులతో రావడం మానేశాడు, అన్నయ్య ఎక్కడో దూరాన పియారా వాటర్స్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. బృందంలో మన పిల్లలే నలుగురైదుగురు చేరారు. నేను తెలుగులో పలకరిస్తే అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తారు. నేను వెళ్తూనే ఉంటాను, ఒకచోట నిలవలేక ఆ గుడారానికీ ఈ గుడారానికీ తిరుగుతుంటే పనిలో ఉన్నాననుకుంటారు. ఒకప్పుడు అక్కడ ఫలానావిడ ఆడపడుచునంటే చాలు, ముందు వరసలో కుర్చీ వేసేవారు. పోయినసారి ద్వారం దగ్గర ఒక కొత్త అమ్మాయి, మీరు ఎవరి తాలూకు ఆంటీ అని ఎంతో మర్యాదగా అడిగింది. నోటిదాకా వచ్చిన వదిన పేరు ఆ పిల్లకు తెలియదు కదా, ఊరికే చూడ్డానికొచ్చానమ్మా అని లోపలికి నడిచాను.