ఇనాయతన్న అడిగిన రంపం

ఇనాయతుల్లా అన్నకు ఒకటే జబ్బు. పక్కింట్లో నేను ఏ పనిముట్టు చేతికి తీసుకుంటే ఆయనకు అదే కావాలి, అదీ అప్పుడే కావాలి. సుత్తి ఏడాది పొడుగునా మూలన పడి తుప్పు పట్టినా అడగడు. నేను మేకు మీదికి సుత్తి ఎత్తితే చాలు, ప్రహరీ మీదుగా తల లేస్తుంది.

“రాజప్పా, ఆ సుత్తి ఒగసారి ఇయ్యి. ఇట్ల పోయి అట్ల తెచ్చిస్తా.”

ఇట్ల పోవడం ప్రతిసారీ జరిగేది. అట్ల తేవడానికే వారాలు పట్టేది.

ఆయన ఒకప్పుడు కువైట్‌లో బండి తోలాడు. ఇప్పుడు ప్రొద్దుటూరు బజారులో చీరల ఫాల్సు, లైనింగు గుడ్డలు అమ్ముతున్నాడు. ఆ అంగట్లో సుత్తితో పనేమిటో నాకు అంతుపట్టేది కాదు. వంటింట్లో అర బిగిద్దామని డ్రిల్లింగు మిషను గోడకు ఆనించానో లేదో, ఊడిపడ్డాడు. “మిషను ఇయ్యప్పా, అర్జెంటు.” అది తిరిగొచ్చేలోగా మా ఆవిడ స్వర్ణలత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ పని కానిచ్చేసింది. ఇంకోసారి నీళ్ల ట్యాంకు కడుగుదామని నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి, “దిగప్పా, నిచ్చెన గావాల” అన్నాడు. మనిషి మీద ఉండగానే నిచ్చెన అడిగినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

“ఇయ్యనని చెప్పరాదా?” అనేది స్వర్ణలత.

“పక్కింటోళ్లు నోరు తెరిచి అడిగితే లేదంటామా?” అనేవాణ్ణి. మా ఇంటా వంటా లేని పని అది.

ఇక నా సంగతి. మాది పులివెందుల పక్క పల్లె. కాలేజీలో కామర్సు చెప్పుకునే మనిషినే గానీ, “నీ చేత గాదు” అనే మాట చెవిన పడితే వెనకాముందూ చూడను. ఆ రోషంతోనే ఫ్యాను విప్పాను, మిక్సీ విప్పాను. రెండూ ఇప్పటికీ విప్పే ఉన్నాయి.

పోయిన నెల పొట్ట తగ్గించుకుందామని మా అమ్మాయి హాసిని గేర్ల సైకిలు తీసి రాజుపాలెం రోడ్డు పట్టాను. కల్వర్టు గోడకు తగిలి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంకరపోయింది. పొట్ట అట్లే ఉంది. హాసిని కడపలో ఇంజినీరింగు చదువుతోంది. ఆదివారం స్నేహితులతో జమ్మలమడుగు నుంచి గండికోటకు సైకిళ్ల మీద పోవాలి, శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొస్తుంది. కొత్త ఫోర్కు తెప్పించి, నేనే బిగిస్తానని ఫోన్‌లో చెప్పాను.

“వద్దు నాన్నా, మెకానిక్‌కు ఇయ్యి. నీ చేత గాదు.”

అనకూడని మాట అనేసింది.

శనివారం పొద్దున్నే వాకిట్లో గోనెపట్ట పరిచి, ఫోన్‌ను పూలకుండీకి ఆనించి వీడియో పెట్టాను. చక్రం తీశాను, బ్రేకు విప్పాను, హ్యాండిల్ ఊడదీశాను, పాత ఫోర్కు కిందికి లాగాను. దాని మెడకు ఒక ఇనుప రింగు ఉంది. అది తీసి కొత్తదానికి తొడగాలి. సుత్తి ఎత్తాను. తల లేచింది.

“రాజప్పా, ఆ సుత్తి…”

ఇచ్చి పంపాను. గత్యంతరం లేక స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా చుట్టూ నెట్టుకుంటూ పోతే రింగు చక్కగా వచ్చేసింది. తర్వాత వీడియోలోనూ అదే చెప్పారు, సుత్తితో బాదితే రింగు పగులుతుందట. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అసలు గండం ముందుంది. కొత్త ఫోర్కు పైనుండే గొట్టాన్ని అన్ని సైకిళ్లకూ సరిపోయేట్టు పొడుగ్గా ఉంచి పంపుతారు, మన సైకిలు కొలతకు మనం కోసుకోవాలి. పొడుగైతే మళ్లీ కోయొచ్చు. పొట్టిదైతే ఫోర్కు మొత్తం పాత సామాన్లవాడికి వేయడమే, పిల్ల గండికోట ప్రయాణం ఆగిపోవడమే. నేను గొట్టాన్ని సైకిల్లో దూర్చి, స్వర్ణలత గోళ్లరంగుతో గీత పెట్టి, బయటికి తీసి, గీత మీద రంపం ఆనించాను.

ఈసారి ఇనాయతన్న గోడ దగ్గర ఆగలేదు. ఒక కాలికే చెప్పు తొడుక్కొని గేటు తోసుకొని వచ్చాడు. “రాజప్పా! రంపం ఇయ్యి!”

“ఇది కోసి ఇస్తా ఉండన్నా.”

“కోసినాక నాకెందుకప్పా? ఇప్పుడే గావాల.”

“అంత అర్జెంటుగా ఏం కోస్తావు?”

అటూ ఇటూ చూసి, “గుమ్మడికాయ” అన్నాడు.

రంపం పోయింది. ఎండ నడినెత్తికొచ్చినా రాలేదు. ఇక లాభం లేదని కోపంగా వాళ్లింటికి వెళ్లాను. అన్న అంగడికి పోయాడట. ఆయన భార్య అఖ్తర్ బీ తలుపు తీసింది. నా రంపం మంచం మీద ఉంది. ఎదురుగా గోడకు దానికన్నా పెద్ద రంపాలు వేలాడుతున్నాయి.

“అవెవరివి వదినా?”

“మావే సారూ.”

“మరి నాదెందుకు అడిగినాడు?”

ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “నువ్వు మిషను పెట్టిన గోడలో కరెంటు వైరుండాది. మీ ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన చూసినాడు. నీ నిచ్చెన కాలు చీలిపోయుండాది.”

“ఆ మాట నాకు చెప్పొచ్చు గదా!”

“చెప్తే ఇంటావా? వద్దంటే నీకు రోషమొచ్చి ఇంకా గట్టిగా చేస్తావంట. అడిగితే మాత్రం లేదనవంట. వీధిలో అందురూ ఈయన్ని అడుక్కునేటోడని నవ్వుతాండారు. నవ్వనీలే అంటాడు.”

“ఫోర్కు సంగతి ఆయనకెట్ల తెలుసు?”

“ఏం తెల్దు. ఇనుము కోస్తే మళ్ల అతకదు గదా అన్యాడు, అంతే.”

రంపం అక్కడే వదిలి, ఇంటికొచ్చి గీత చూసుకున్నాను. సైకిలు ఫ్రేము పైఅంచుకు సమంగా పెట్టాను. దాని మీద హ్యాండిల్ పట్టే క్లాంపు కూర్చోవాలన్న సంగతే మరిచాను. అక్కడ కోసుంటే హ్యాండిల్‌ను విడిగా హాసిని చేతికే ఇవ్వాల్సి వచ్చేది. సిగ్గేసింది. ఆ వెంటనే ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మధ్యాహ్నం ఆయన రంపం తెచ్చాడు. మా వంశంలో ఎవరూ పలకని మాట నేను పలికాను. “అన్నా, ఇది నా చేత గాలేదు. కొంచెం తోడుండు.”

ఆయన నా ముఖంలోకి చూసి, “నా చేత మాత్రం ఏమైతాదప్పా” అంటూ గోనెపట్ట మీద చతికిలబడ్డాడు. ఇద్దరం వీడియో మళ్లీ మొదటినుంచీ చూశాం. అన్నీ ఒకసారి ఉత్తినే తొడిగి, క్లాంపు కూడా పెట్టి గీత పెట్టాం. ఆయన పట్టుకున్నాడు, నేను కోశాను. హ్యాండిల్ తిరిగే చోట బాల్‌రేసులకు గ్రీజు పెట్టి, ఫోర్కెక్కించి, బోల్టులన్నీ బిగించాం.

హాసిని వచ్చింది. ముందు బ్రేకు పట్టుకొని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపింది. బిగింపు ఎక్కడా కదల్లేదు.

“ఎవరు బిగించినారు నాన్నా?”

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఇనాయతన్న నాకన్నా ముందు అందుకున్నాడు.

“ఇంకెవరుమ్మా, మీ నాయనే. నేను ఊరికే రంపం అడగనీకొచ్చినా.” రంపం చంకన పెట్టుకొని గేటు దాటిపోయాడు.

“శానా బాగా బిగించినావు నాన్నా,” అంది హాసిని. ఆ మాట కోసం ఇంకో ఫోర్కైనా వంచగలను అనిపించింది.

రంపం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. నేను అడగలేదు, స్వర్ణలత అడగనివ్వదు.