ఎడమ కాలు

మాచర్ల నుంచి నరసరావుపేట పోయే బస్సులో ఒకతను ఎడమ కాలు దారికడ్డంగా చాపుకొని కూర్చున్నాడు. యాభైకి దగ్గర వయసు, గట్టి మనిషి.

“కాలు తియ్యరా అబ్బాయ్, మనుషులు నడవొద్దా?” అని కసిరాను.

అతను రెండు చేతులతో మోకాలు ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. పక్కనే కూర్చుని ఏమైందని అడిగాను.

“పరుగెత్తా పెద్దమ్మా,” అన్నాడు.

షుగరొచ్చింది, బరువు తగ్గాలని డాక్టరు చెప్పాడట. పోలీసు ఉద్యోగాల కోసం కుర్రాళ్లు తెల్లారగట్ల పరుగెత్తే గ్రౌండుకు ఇతనూ పోయాడు.

“మూడో రోజు వాళ్లతో పందెం కట్టా. మోకాల్లో టప్పుమంది. వాచినా ఆగలా. గుడ్డ చుట్టుకొని ఇంకో వారం పరుగెత్తా.”

“నీ వయసుకు పరుగేందిరా? నడిస్తే చాలదా?”

“డాక్టరు గూడా నడవమనే చెప్పాడు. నడక ముసలోళ్ల పని అనుకున్నా.” నవ్వాడు. “ఇప్పుడు ఆపరేషన్ చేసినా, గేరు మార్చేప్పుడు క్లచ్ తొక్కే బలం ఈ కాలికి రాదంట. ఇరవయ్యేళ్లు సిమెంటు లారీ తోలా. నాకు ఇంకో పని రాదు పెద్దమ్మా.”

ఏదో ఒకటి దొరుకుతుందిలే అనబోయాను. అంతలో నకరికల్లు మలుపులో మా డ్రైవరు గేరు మార్చాడు. ఆ చప్పుడుకు ఇతని ఎడమ పాదం తనంతట తానే లేచి బస్సు నేలను తొక్కింది. నొప్పికి పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు.

నరసరావుపేట దాకా ఎన్నిసార్లు గేరు మారిందో, అన్నిసార్లూ ఆ పాదం లేచింది.