గార్డియన్ అడ్రస్: ముంబైలో మా అమ్మాయికి హాస్టల్ చూసిన రోజు

మా అమ్మాయి మౌనికకు ముంబైలోని ఒక యూనివర్సిటీలో డిగ్రీ సీటు వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరూ స్వీట్లు పంచారు. నేను మాత్రం తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. నా భయం అలాంటిది. మహబూబ్‌నగర్ దాటి మా పిల్ల ఒంటరిగా ఉండబోవడం ఇదే మొదటిసారి. మొదటి సంవత్సరం ఆడపిల్లలకు రెండు హాస్టళ్లు చూపించారు. ఒకటి చర్చిగేట్ దగ్గర, కాలేజీకి నడిచి వెళ్లొచ్చు, గదికి నలుగురు. రెండోది శివార్లలో కొత్త బిల్డింగ్, గదికి ఇద్దరు, లోకల్ రైల్లో ముప్పావుగంట. చెప్పిన రోజు మధ్యాహ్నం రెండింటిలోపు ఏదో ఒకదానికి ఫారం ఇవ్వాలి, లేదంటే బెడ్ పోతుంది. ముంబైలో ఉండే గార్డియన్ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ముంబైలో మాకున్నది ఒక్క మనిషి, మా నాన్న చెల్లెలు అంజమ్మత్త. ఆమె ఉండేది కామాటిపురలో. ఆ పేరు వింటే బయటివాళ్లకు గుర్తొచ్చేది రెడ్‌లైట్ గల్లీలే, అంతకంటే నేను రాయక్కర్లేదు.

మా ఆయనకు సెలవు దొరకక తల్లీకూతుళ్లమే బయల్దేరాం. హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే తెల్లవారి అయిదు దాటాక దాదర్‌లో దిగొచ్చు. స్లీపర్‌లో ఇద్దరికీ వెయ్యి లోపే అయింది. దాదర్‌లో వంతెన ఎక్కి పశ్చిమ లైనుకు మారి, స్లో లోకల్‌లో పావుగంటలో గ్రాంట్ రోడ్ చేరాం. టికెట్ అయిదు రూపాయలు. తూర్పు వైపు దిగి టాక్సీ ఎక్కితే డ్రైవర్ ఎక్కడికన్నాడు. పక్క వీధి పేరు చెప్పి "ఫోరస్ రోడ్" అన్నాను. ఫోరస్ రోడ్డులో ఎక్కడని మళ్లీ అడిగాడు. నేను కిటికీ బయటికి చూశాను. మౌనికే "కామాఠీపురా, భయ్యా" అని గల్లీ నంబరు చెప్పింది. "తో సీధా బోలో నా, మాజీ!" అని, ముందే సూటిగా చెప్పొచ్చుగా అన్నట్టు ఆయన మీటరు తిప్పాడు. మినిమం ఛార్జీ కూడా దాటలేదు, నడిస్తే పదిహేను నిమిషాల దారి.

టాక్సీలో ఉన్న ఆ నాలుగు నిమిషాలూ పిల్ల చెయ్యి వదల్లేదు నేను. మూసిన తలుపు ప్రతిదీ నాకు అనుమానంగానే కనిపించింది. నిజానికి అక్కడ పాలవాడున్నాడు, బడికి పోతూ మరాఠీలో పోట్లాడుకుంటున్న పిల్లలున్నారు, మెట్ల మీద కూర్చుని మన తెలుగులోనే కోడలిని తిడుతున్న ముసలమ్మ ఉంది. తాడును చూసి పామనుకునేదానికి ఇవన్నీ ఎందుకు కనిపిస్తాయి?

అత్తది చాల్‌లో, అంటే వరుస గదుల పాత బిల్డింగులో, రెండో అంతస్తు. కర్ర మెట్లు నిటారుగా ఉంటాయి, సూట్‌కేసు పెద్దది తేకండి. ఒక్కటే గది, అక్కడ ఖోలీ అంటారు. చీరలకు ఫాల్ కుట్టుకుంటూ బతుకుతుంది. ఆ రోజు కుట్టుపని పక్కకు నెట్టి, మా కోసం జొన్న రొట్టెలు చేసింది. తిన్నాక ఫారం ముందుపెట్టాం.

"అడ్రస్ల గ్రాంట్ రోడ్ అని రాయ్ బిడ్డా," అంది అత్త. "మా గల్లీల అందరం గట్లనే రాస్తం. నౌక్రీకైనా, షాదీ కార్డుకైనా. అసలు పేరు రాస్తే లోకం ఒక తీరుగ చూస్తది."

"మన దిక్కు నుంచి కూలికొచ్చిన కామాటోళ్లు కట్టిన జాగాకు మన పేరే పెడితే మనమే రాయొద్దా, అమ్మమ్మా?" అని మౌనిక అడిగింది.

"రాయాలెనే. గని కడుపు నిండాలె గద."

మౌనిక గ్రాంట్ రోడ్ అనే రాసింది. నాకు మాత్రం గుండెల మీది బరువు దిగింది. ఈ మాట ఆమెను ఎలా అడగాలా అని రైలంతా ఆలోచిస్తూనే వచ్చాను మరి.

అత్తను వెంటబెట్టుకుని శివారు హాస్టల్ ముందు చూశాం. గదులు బాగున్నాయి. స్టేషన్ నుంచి గేటు దాకా పావుగంట నడక, దారిలో ఒక్క దుకాణం లేదు. చర్చిగేట్ హాస్టల్ పాతది, గోడలు పెచ్చులూడాయి, కానీ గేటు ముందే బస్‌స్టాప్. గ్రాంట్ రోడ్ నుంచి మూడో స్టేషన్. "అమ్మమ్మ దగ్గర్లో ఉంటుంది, నాకిదే కావాలి" అంది మౌనిక. సరేనన్నాను.

ఒంటిగంట దాటాక వార్డెన్ మేడం ఫారం, అత్త ఆధార్ పక్కపక్కన పెట్టింది. ఆధార్‌లో కామాటిపుర అని ఉంది. రెండూ కలవడం లేదేమిటని హిందీలో అడిగింది. అక్కడ నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. "ఈమధ్యే ఇల్లు మారారు" అనేశాను. అయితే కొత్త ఇంటి కాగితం రెండింటిలోపు తెమ్మంది ఆమె.

వరండాలోకి పరుగెత్తాను. దాదర్‌లో ఉండే, ఎప్పుడో ఒక పెళ్లిలో పరిచయమైన ఒకాయనకు ఫోన్ చేశాను. "మీరొచ్చి గార్డియన్‌గా సంతకం పెట్టగలరా? మా చుట్టాలున్నారు గానీ, వాళ్లుండే చోటు చెప్పుకునేది కాదు." ఆయన పుణెలో ఉన్నానన్నాడు. ఫోన్ పెట్టేసి తిరిగితే అత్త వెనకే ఉంది, నా కోసం తెచ్చిన నీళ్ల సీసాతో. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం, నేను నడి ఏట్లోనే తగలేశాను.

అత్త సీసా నా చేతికిచ్చి లోపలికి నడిచింది. "మేడం, ఘర్ నహీ బద్‌లా. మై వహీ రహతీ హూ," అని, ఇల్లు మారలేదని, అక్కడే ఉంటున్నానని చెప్పి మౌనిక వైపు తిరిగింది. "కొట్టేసి రాయ్ బిడ్డా. కామాటిపుర, గల్లీ నంబర్, చాల్ పేరు, ఖోలీ నంబర్. ఒక్కటి ఇడవకు."

సంతకం పెట్టింది. వార్డెన్ ఆ పేరు చూసి కనుబొమ్మ కూడా కదపలేదు. ఒక్కటే అడిగింది: పిల్లకు ఒంట్లో బాగోలేదని ఏ వేళ ఫోన్ చేసినా ఎంతసేపట్లో వస్తారు?

"బీస్ మినిట్, మేడం."

రెండింటికి పది నిమిషాలుండగా ముద్ర పడింది.

సాయంత్రం మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చినప్పుడు, దారికని రొట్టెల పొట్లం నా ఒళ్లో పెట్టి అత్త అంది: "పిల్లకు జ్వరమొస్తే ఫస్ట్ ఫోన్ నాకు చెయ్. దాదరాయనకు గాదు." నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

ముంబై భయం నాకు పోలేదు. ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ముందు మౌనికకే ఏదో అయిందనుకుంటాను. కానీ రాబోయే ఆపదలను లెక్కపెట్టుకుంటూ, ఆపదలో వచ్చే మనిషిని నేనే తోసేయబోయాను. మౌనికకు ఏమైనా అయితే అత్త ఇరవై నిమిషాల్లో అక్కడుంటుంది, అందులో నాకు సందేహం లేదు. ఆమె ముఖం మళ్లీ ఎలా చూడాలా అన్నదే ఇప్పుడు నా భయం.

మీ పిల్లలకు హాస్టల్ చూడబోయేవాళ్లకు ఒక సలహా. గార్డియన్ అడ్రస్ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, గల్లీ నంబరుతో సహా రాయండి. రాసేటప్పుడు ఆ మనిషి మీ పక్కనే ఉంటారు, మీ ముఖం చూస్తూ ఉంటారు.