కాల్చేసిన ఉత్తరం

మా ఇంట్లో ఎవరైనా ఏడుస్తుంటే చూస్తూ కూర్చునే అలవాటు ఎవరికీ లేదు. గుంటూరులో మా నాయనమ్మ దగ్గర్నుంచి నా వరకు అందరం పరుగున వెళ్లి కళ్లు తుడుస్తాం, వీపు నిమురుతాం, ఏదో ఒకటి తినిపించి గాని వదలం. పదిహేనేళ్ల నర్సు ఉద్యోగం కూడా నాకు ఈ జబ్బు నయం చేయలేకపోయింది.

ఎనభైల్లో మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్లం. మాజీ సైనికుల ఆస్పత్రిలో, తాగుడు మాన్పించే వార్డులో నా పని. అక్కడికి ఒకతను ఏడాదికి రెండుసార్లయినా వచ్చి చేరేవాడు. నలభై కూడా నిండలేదు. “మళ్లీ వచ్చాను మేడమ్” అని తప్పు చేసిన పిల్లాడిలా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా అతని పక్క మాత్రం నేనే వేసేదాన్ని.

వియత్నాం యుద్ధంలో అతని పని చనిపోయిన సైనికుల సామాన్లు సర్ది ఇళ్లకు పంపడం. ఇంట్లోవాళ్ల మనసు కష్టపెట్టేవేమైనా ఉంటే తీసేయాలని పైవాళ్ల ఆజ్ఞ. ఒకరోజు సొంత స్నేహితుడి సామానే వచ్చింది. అందులో తల్లికి రాసి, పోస్టు చేయని ఉత్తరం ఉంది. చదివి కాల్చేశాడు. ఇంతవరకే చెప్పేవాడు. ఆ ఉత్తరంలో ఏముందని అడిగితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఒహాయోలో ఉన్న ఆ తల్లి ఏటా క్రిస్మస్‌కి అతనికి కార్డు పంపేది. “మావాడు చివర్లో ఏమైనా అన్నాడా బాబూ?” అని కింద ఒక్క వాక్యం రాసేది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా సీసా తెరిచేవాడు.

మా ఆస్పత్రి వదిలి ఇంట్లోనే మానసిక వైద్యం చేస్తున్న ఒక పెద్ద డాక్టరమ్మ అతన్ని చూస్తానన్నారు. ఎమ్‌డీఎమ్‌ఏ అనే మందు మనిషిలోని భయాన్ని కొన్ని గంటలపాటు పక్కకి జరుపుతుందట. ఆ కాసేపట్లో, ఎన్నడూ చెప్పలేనిది చెప్పగలుగుతారట. అప్పటికింకా ఆ మందు మీద నిషేధం లేదు. నాడి, బీపీ చూడటానికి నన్నూ ఒక శనివారం వాళ్లింటికి రమ్మన్నారు.

“మందు మాన్పించడానికి ఇంకో మందా? బావుందే నీ వరస!” అన్నారు మా ఆయన.

“ముల్లుని ముల్లుతోనే తీయాలండీ” అని కారు తాళాలు తీసుకున్నాను.

ఆ శనివారం పొద్దున డాక్టరమ్మ నాకు ఒకే ఒక్క నియమం చెప్పారు. “అతను ఏడుస్తాడు. ఏడవనివ్వు. అడిగితే చెయ్యి అందించు. నీ అంతట నువ్వు ఆపకు.”

తలాడించాను. తలాడించడానికేం, అందరం ఆడిస్తాం.

మందు వేసుకున్న గంటకి అతని మొహం మెత్తబడింది. మూడేళ్లుగా చూస్తున్న మనిషేనా అనిపించింది. కళ్లు మూసుకుని, ఎదురుగా ఆ కాగితం ఉన్నట్టే, “అమ్మా, నాకిక్కడ...” అని మొదలుపెట్టాడు. అంతలో ఏడుపు తన్నుకొచ్చింది. పక్కటెముకలు కదిలిపోయే ఏడుపు. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకే తెలీదు. చేత్తో కళ్లు తుడుస్తూ, వీపు నిమురుతూ, “ఊరుకో నాయనా, ఊరుకో, అయిపోయిందిగా” అంటున్నాను, అదీ తెలుగులో. మాట అర్థం కాకపోయినా చెయ్యి అర్థమైనట్టుంది. బుద్ధిగా ఊరుకున్నాడు. ఆ పూట మరి నోరు విప్పలేదు.

సాయంత్రం డాక్టరమ్మ తిట్టలేదు. “మంచి చెయ్యే నీది. ఇవాళ కాస్త తొందరపడింది” అన్నారు. తిట్టినా బాగుండేదనిపించింది.

రెండోసారికి జులైలో రోజు పెట్టుకున్నాం. ఆ లోపే, ఎనభై ఐదు వేసవిలో, ప్రభుత్వం ఆ మందును నిషేధించింది. “ఇక ఇవ్వలేను” అని చెప్పేశారు డాక్టరమ్మ. అతను “సరే మేడమ్” అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నోటికాడి కూడు లాగేసినదాన్ని నేనే. చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆకులు రాలే వేళకి మళ్లీ వార్డులో చేరాడు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. “ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది” అన్నాను.

లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. “ఆ రోజు సగం వాక్యం చెప్పినా చచ్చిపోలేదు మేడమ్. అప్పట్నుంచీ మిగతా సగం గొంతులోనే ఉంది” అన్నాడు. తర్వాత చెప్పాడు. అక్షరం తడబడలేదు.

“అమ్మా, నాకిక్కడ భయంగా ఉంది. ధైర్యంగా ఉన్నానని రాసినవన్నీ అబద్ధాలు. నువ్వు వంటింట్లో పాడుకునే పాట లోలోపల పాడుకుంటున్నాను. ఎలాగైనా వచ్చి నన్ను తీసుకెళ్లమ్మా.”

ఏడ్చాడు. నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అంత కష్టమైన డ్యూటీ నా జన్మలో చేయలేదు.

“ఇది వింటే ఆవిడ తట్టుకోగలదా మేడమ్?” అన్నాడు చివరికి.

“నాకు తెలీదు. నా కొడుకైతే మాత్రం ఆ ఉత్తరం నాకు కావాలి” అన్నాను.

నర్సుల గదిలోంచి ఆ తల్లికి ఫోన్ కలిపి ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. నిలబడే చెప్పాడు, చివరి మాటదాకా. అవతల్నుంచి సన్నగా ఏదో వినబడింది. అతను రిసీవర్‌ని చేత్తో మూసి నావైపు తిరిగాడు.

“మళ్లీ చెప్పమంటోంది మేడమ్” అన్నాడు.

ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని, మొదట్నుంచి నెమ్మదిగా చెప్పాడు.