అమ్మదని ఒంటికి తెలీదు

మా మేడమ్ పోయారని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. సికింద్రాబాదు కార్ఖానా ప్రాంతంలో వాళ్లింటికి వెళ్లేసరికి చర్చి ఆడవాళ్లు గొంతు తగ్గించి పాడుతున్నారు. జబ్బు పడ్డప్పుడు తన బయాప్సీ స్లయిడు తనే చూసుకున్నారు ఆమె. ఆశ పెట్టే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

అక్కడి ఆసుపత్రిలో నాకు పాథాలజీ నేర్పింది ఆమే. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు మళ్లీ తేడా చేస్తే, ఆ కిడ్నీలోంచి సన్నటి ముక్క తీసి మాకు పంపేవారు. ఒళ్లు దాన్ని తోసేస్తోందా, ఇన్ఫెక్షన్ పట్టిందా అన్నది మేం చెప్పాలి. మొదటిదైతే ఒంటి ప్రతిఘటనను అణిచే మందు పెంచాలి, రెండోదైతే తగ్గించాలి. "మనం తప్పు చెబితే మందే చంపుతుంది" అనేవారు మేడమ్. స్లయిడు ఒకసారి చూశాక కళ్లద్దాలు తీసి, కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ చూసేవారు. ప్రార్థన అనుకున్నాను. అడిగితే, "కాదమ్మాయ్, ఇందాక అనుకున్నది మర్చిపోవాలిగా" అన్నారు. ఆ అలవాటు నాకూ అబ్బింది. ఎందరిని కాపాడిందో చెప్పలేను.

సీతాఫల్‌మండిలో బట్టలు కుట్టే ఒకతనికి తల్లి కిడ్నీ ఇచ్చింది. కొన్నాళ్లకే జ్వరంతో, మూత్రం తగ్గిపోయి తిరిగొచ్చాడు. వార్డు డాక్టర్లు ఇన్ఫెక్షన్ అనుకున్నారు. అదే అయ్యుండాలని మేడమ్ కూడా కోరుకున్నారు. కానీ స్లయిడులో అతని సొంత కణాలే ఆ కిడ్నీ రక్తనాళాల గోడల్లోకి చొరబడి ఉన్నాయి. ఫోన్‌లో చెప్పి ఊరుకోక, ఆమె స్వయంగా వార్డుకు వెళ్లారు. మందులు పెంచారు. ఫలితం లేకపోయింది. కిడ్నీ తీసేశారు. డయాలసిస్ మీద కొంతకాలం ఈడ్చి, ఆ ఏడే పోయాడు.

కిడ్నీ తీసిన రోజు అది మా బల్ల మీదికి వచ్చింది. వెనకే తల్లీ వచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది. ఒకసారి చూపించమంది. రూల్సు ఒప్పుకోవని నేను చెప్పబోతుంటే, మేడమ్ ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ట్రే ముందు పెట్టారు. కిడ్నీ వాచి, నల్లబడి ఉంది.

"నాదే ఖరాబున్నదా మేడమ్? గందుకే వానికి పడలేదా?" అంది తల్లి.

"మీది మంచిదేనమ్మా. నేను చూశాను. అది ఇంకొకరిదని వాడి ఒంటికి తెలిసిపోయింది. అమ్మదని దానికి తెలీదు."

 తల్లి ముట్టుకోవచ్చా అని అడిగింది. మేడమ్ ఆమె చేతికి గ్లౌజు తొడిగారు, ఒక్కో వేలూ సర్దుతూ. తల్లి కిడ్నీ మీద అరచెయ్యి ఆనించింది.  ట్రే కదలకుండా మేడమ్ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.